పెరిగిన గాజు

మూడు పౌండ్ల టిక్కెట్టు, టీ అందులోనే.
వానకి మెత్తబడిన ఆ కాగితాన్ని
గేటు దగ్గర గ్లెనిస్ గారే చింపి ఇచ్చింది.
"ఇల్లంతా తిరుగు, తడిమి చూడు,
ఆ మెట్టు మీద మటుకు జాగ్రత్త, అది చేప."

నిజమే, చేపే.
పొలుసుకో సాసరు ముక్క,
కంటికి టీపాట్ మూత మీది బొడిపె.

బర్స్లెంలో ఈ వీధంతా ఒకటే ఇటుక రంగు,
ఒకటే కిటికీ, ఒకటే తలుపు,
ఒకదాని భుజం మీద ఒకటి వాలిన ఇళ్ళు.
ముప్పై రెండో నంబరు మాత్రం మాట వినలేదు.
పొగగొట్టం చుట్టూ నీలం పూల గిన్నెలు, సగం సగం.
కిటికీ కింద వరసగా కప్పుల చెవులు,
ఆ చెవుల్లోంచి దూరి పైకి పాకుతున్న చిక్కుడు తీగ.
ఏ రాజుదో పట్టాభిషేకం నాటి పళ్ళెంలో
కిరీటం మిగిలింది, తల లేదు.
పెరట్లో స్నానాలతొట్టి నిండా పుదీనా.

ఇరవై రెండేళ్ళు ఆవిడ ఫ్యాక్టరీలో
కప్పుల అంచుకి బంగారు గీత గీసింది.
చక్రం తిరిగినంతసేపూ ఊపిరి బిగబట్టాలట.
వదిలితే గీత వణుకుతుంది.
వణికిన కప్పు చెత్తలోకి, దాని ఖరీదు జీతంలోంచి.
"ఈ గోడ మీదివన్నీ
నేను ఊపిరి వదిలినవే" అని నవ్వింది.

బోగ్దాన్ గారిది కొలిమి పని.
ఫ్యాక్టరీ మూసిన వారం
తోపుడుబండితో పదకొండు సార్లు తిరిగారట.
ఇప్పుడు చెవులు సరిగా వినపడవు.
వేళ్ళు మాత్రం ముక్కని ఒక్కసారి తిప్పి
ఇది సాసరు, ఇది సూపు గిన్నె అని తేల్చేస్తాయి.

మొదట అతికించింది ఏది, అని అడిగాను.
వంటగదిలో, పొయ్యి పక్కన, మనిషి తలెత్తున
తెల్ల ప్లేటు ఒకటి, ఏడు చీలికలుగా.
"ఇతని మీదికి విసిరాను. తప్పుకున్నాడు.
ఎక్కడ తగిలిందో అక్కడే అతికించాం."
ఎందుకు విసిరిందో ఇద్దరికీ గుర్తు లేదట.
ఆయనకి ఉందనుకుంటాను.
కెటిల్ వైపే చూస్తున్నారు.

స్నానాలగది నాలుగు గోడలూ అద్దం ముక్కలు.
పగిలిన అద్దంలో ముఖం చూసుకున్నందుకు
చిన్నప్పటి దెబ్బ ఒకటి నా చెంప మీద ఇంకా ఉంది.
ఇక్కడ చూడకుండా చేతులు కడుక్కోవడం ఎలా?
ఒక ముక్కలో ముక్కుపుడక,
ఒక ముక్కలో గడ్డం కింది పుట్టుమచ్చ,
పై మూల ఎవరిదో తెల్లవెంట్రుక.
నాదే.

బయటికొస్తూ తోరణం కింద
తల వంచాను గానీ చెయ్యి వంచలేదు.
టక్కుమంది. ఆకుపచ్చ గాజు.
"అయ్యో, పెరిగింది" అన్నాను, తెలుగులోనే.

ఏమిటన్నావంది గ్లెనిస్ గారు.
చెప్పక తప్పలేదు.
మావైపు గాజు పగిలిందనరు, పెరిగిందంటారు.
దీపం ఆరదు, కొండెక్కుతుంది.
డబ్బాలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి.
భయానికి పట్టుచీర కట్టి పంపిస్తాం, అంతే.
ఇంగ్లీషులో చెబుతుంటే నాకే వింతగా ఉంది,
ఇన్నాళ్ళూ నోట్లో ఉన్న గులకరాయిని
బయటికి తీసి కడిగినట్టు.

ఆవిడ ఏమీ అనలేదు.
భర్త చెవిలో అంతా అరిచి చెప్పింది.
ఆయన కాసేపు ఆలోచించారు.
"ఎంత పెరిగింది?"

వంగి ఏరాను. మూడు ముక్కలు, కొంచెం పొడి.
"పొడి కూడా ఇవ్వు."

తోరణం మీద ఒక కప్ప ఉంది,
వెన్ను దగ్గర ఇంకా ఖాళీ.
బూడిదరంగు ముద్దని బొటనవేలితో మెత్తి
ఒక్కో ముక్కా కుదేసి, పొడి చల్లి,
గురువారం దాకా ముట్టుకోవద్దన్నారు.
గురువారం నేనెందుకొస్తాను,
మళ్ళీ మూడు పౌండ్లా, అన్నాను.
"టీ అందులోనే."
ఆ మాట మాత్రం బాగానే వినపడింది ఆయనకి.

బస్సులో కూర్చున్నాక లెక్కపెట్టాను.
ఈ చేతికి ఆరు, ఆ చేతికి అయిదు.
ఇవాళ ఆదివారం.