సంస్థ పేరు తప్పనిసరి

జోంబా కొండ మీంచి చిపెరోని దిగిన ఉదయం
(వాన అనలేం, మంచూ అనలేం,
ఎవరో తడిబట్ట విదిలిస్తున్నట్టు రోజంతా తుంపర)
ఒకాయన బురద బూట్లు గుమ్మం బయటే విడిచి
లైబ్రరీలోకి వచ్చాడు.
విప్పక్కర్లేదని ఎనిఫా చెప్పింది.
వినలేదు.

చిల్వా సరస్సు మీద, తుంగ పరిచిన తేలే గుడిసెలో
కాపురముండి చేపలు పట్టే లాస్టన్ ముహీవా.
సంచిలోంచి బడిపిల్లల నోటుపుస్తకం తీశాడు.
వెనకట్ట మీద ఎక్కాలు, లోపలంతా నీళ్లు.
గుంజకి కత్తితో గాట్లు పెట్టి
నెలకోసారి ఏ గాటు దాకా తడి ఉందో రాసుకున్నాడు,
పదిహేడేళ్లు.
మాటెంబా చేప తట్టెడు పడ్డ నెల, దోసెడు పడ్డ నెల.
సరస్సు నెర్రెలిచ్చి పడవలు నేల మీద కూచున్న ఏడాది
ఒకే అంకె, పన్నెండుసార్లు: సున్న.

"రాగ్నిల్డ్ మేడమ్ దీన్ని ఫోటోలు తీసుకెళ్లింది.
దీని గురించి రాసిందట. చూద్దామని."

వెతికాను. వెతకడమే నా కూడు.
రెండో నిమిషంలో దొరికింది:
పేరు, సంపుటి, పుటలు, నూట యాభై మాటల సారం.
సారం కింద తాళంకప్ప బొమ్మ.
దాని పక్కన ముప్పై తొమ్మిది డాలర్లు,
ఒక్కరోజు చదువుకోడానికి.

ఈ తాళంకప్పా నేనూ పాత పరిచయస్థులం.
మా పత్రికల చందాలు ముసలాయన పళ్లలా
ఏటా ఒకటో రెండో రాలాయి.
ఏ పన్ను ఎప్పుడూడిందో లెక్క నా దగ్గరుంది.

ఆ అంకె కేసి చూసి అడిగాడు:
"ఇది ఆమెకి వెళ్తుందా?"
"లేదు."
"మరి నాకు?"
ఎనిఫా నవ్వింది. నవ్వినందుకు తలొంచుకుంది.

రాగ్నిల్డ్‌కి రాశాను. కరెంటు పోయింది.
కరెంటు వచ్చింది, ఆమె జవాబూ వచ్చింది,
అచ్చుకి ముందరి ప్రతి, క్షమాపణతో సహా.
ప్రింటరు గొణుక్కుంటూ ఇరవై రెండు కాగితాలు కక్కింది.
మూడో బొమ్మ దగ్గర ఆయన వేలు ఆగింది.
పైకీ కిందకీ ఒక గీత.
ఇంగ్లీషు రాకపోయినా
ఏ పల్లం ఏ కరువో ఆయనకి తెలుసు.
గీత అడుగంటిన చోట
"ఇక్కడ మా చిన్నవాడు పుట్టాడు" అన్నాడు.
బొమ్మ కింద ఆధారం:
స్థానిక వ్యక్తి, ముఖతః.

ముఖతః!
పదిహేడేళ్ల చేతిరాత బల్ల మీదుంటే.

నాకు కోపమొస్తే కేటలాగు చేస్తాను.
వేరే విద్య రాదు.
నోటుపుస్తకాన్ని స్కానర్ మీద పరిచాం, పేజీ వెంట పేజీ.
చేప పొలుసొకటి గాజుకి అతుక్కుంటే
తుడవబోయిన ఎనిఫాని ఆపాను.
ఇప్పటికీ పన్నెండో పేజీ మూల అది మెరుస్తూ ఉంటుంది.

కొత్త ఫారం తెరిచాను.
రచయిత: ముహీవా, లాస్టన్.
శీర్షిక? "నీళ్లు" అన్నాడు.
విషయాల జాబితాలో సరస్సులున్నాయి, మత్స్య పరిశ్రమ ఉంది,
మాటెంబా లేదు. చేర్చాను.
సంస్థ పేరు దగ్గర ఎర్రచుక్క. తప్పనిసరి.
ఖాళీగా వదిలితే ముందుకు కదలదు.
"మీదే సంస్థ?"
గడ్డం గోక్కున్నాడు.
"నీళ్లున్నప్పుడు సరస్సు.
లేనప్పుడు, ఎవరి చేలో కూలి దొరికితే వాళ్ల చేను."
అదే టైపు చేశాను.
కంప్యూటరు కిమ్మనకుండా ఒప్పుకుంది.

శాశ్వత సంఖ్య ఒకటి పుట్టింది, చుక్కలతో, గీతలతో.
చీటీ మీద రాసిస్తే మడిచి టోపీలో పెట్టుకున్నాడు.
తర్వాత నోటుపుస్తకం కోసం చెయ్యి చాచాడు.
ఇక్కడే ఉంచండి, తేమ తగలని గది ఉంది, అన్నాను.
లైబ్రేరియన్ నోటికి ముందొచ్చేది అదే.
"ఇంకా పదకొండు పేజీలు తెల్లగా ఉన్నాయి" అన్నాడు.

ఇప్పుడు నెలాఖరున ఫోను మోగుతుంది.
ఒక అంకె చెప్పి పెట్టేస్తాడు.
నేను కొత్త ప్రతి చేరుస్తాను.
తన బొమ్మ కింద ఆయన పేరు వేయమని
రాగ్నిల్డ్ ప్రచురణకర్తలకి రాసింది.
మీ విన్నపం అందింది అన్న జవాబు
ఆమెకి మూడుసార్లు అందింది.

మొన్న ఆరో గాటు.
పెట్టేసేలోపు "మరి చేప?" అని అడిగాను.
"సన్నది. కానీ ఉంది."
ఫారంలో దానికి గడి లేదు.
గమనికలో రాశాను.