తాగిన వెలుగు

డాబాగార్డెన్స్‌లో పాత రేడియోల కొట్టు.
లంక పైడిరాజు కళ్లద్దాల మీదుగా చూసి
"ఏటి, ఎలుగుని తూస్తావా?" అన్నాడు.
రేవులో చేపల్ని తూచే ఊరు కదా మరి.

వెలుగుని కాదు, అది తగ్గడాన్ని అన్నాను.
గాజుకుప్పెలో ఆకుపచ్చ ద్రావణం ఉంటుంది.
ఇటు నుంచి దీపం పోస్తాం,
అటు నుంచి కొంత బయటపడుతుంది.
పోసిందాంట్లో బయటపడింది తీసేస్తే
మిగతాది అది తాగినట్టు.
ఆ గుక్కలు లెక్కపెట్టే పెట్టె కావాలి.

"అయితే కల్లు దుకాణం పద్దే" అని
సొరుగులన్నీ బోర్లించాడు.

గోరంత ఫోటోడయోడ్,
ఎనిమిది కాళ్ల నల్ల చిప్పు,
షిప్‌యార్డు తుక్కులో దొరికిన ఇత్తడి డబ్బా.
ఉప్పుగాలికి రాగిగీతలు చిలుం పడితే
మా చెల్లి గోళ్లరంగు పూశాం.
ఇప్పటికీ విప్పితే లోపల గులాబీ రంగే.

ముందు చీకట్లో సున్నా చూడాలి.
సున్నా నిలబడలేదు.
యూనివర్సిటీ మేడ మీది గదిలో
రాత్రంతా ముల్లు ఉలిక్కిపడుతూనే ఉంది,
ఒకే ఎడంతో, చిన్న గుండె కొట్టుకున్నట్టు.
కెపాసిటర్లు మార్చాను.
ఎర్త్ తీగ నీళ్లగొట్టానికి కట్టాను.
పక్కగది ఫ్రిజ్‌ని తిట్టాను.

నాలుగో రాత్రి
సైకిలు నడిపించుకుంటూ మెరక ఎక్కి వచ్చాడు పైడిరాజు.
పెట్టె మీద అరచెయ్యి ఆన్చాడు. ముల్లు ఆగింది.
తీశాడు. ఉలిక్కిపడింది.
కిటికీ దగ్గరకెళ్లి, నల్లకాగితంలో చిల్లుకి కన్ను పెట్టి
చాలాసేపు మాట్లాడలేదు.
"యారాడ కొండ మీద దీపం" అన్నాడు చివరికి.

ఏ ఓడకో దారి చెప్పడానికి తిరిగే వెలుగు
చిల్లులోంచి దూరి, పింగాణీ పలకకి తగిలి,
డబ్బా అతుకులోంచి లోపలికి జారింది.
ఎంత వచ్చి ఉంటుంది? చిటికెడులో చిటికెడు.
నేను మూడు రాత్రులు దాన్ని తప్పు అనుకున్నాను.

అతుక్కి తారు పూశాం. సున్నా నిలిచింది.
ఆ ముందటి రాత్రుల కాగితం చుట్ట మాత్రం పారెయ్యలేదు.

ప్రయోగం రోజు ద్రావణం తాగింది.
మందు కలిపితే ఎర్రబడింది.
ఎరుపు చెప్పిన లెక్కా ముల్లు చెప్పిన లెక్కా
నూటికి నాలుగు తేడాతో కలిశాయి.
మా ప్రొఫెసరు భుజం తట్టారు.

"ఆ నాలుగూ ఎవుడు తాగీసినాడు?"
పైడిరాజు ఇంకా అడుగుతూనే ఉంటాడు,
కొట్టు కట్టేసే వేళ,
ఆఖరి బల్బు స్విచ్చి మీద వేలుంచి.