నాలుగు వందల ఫీట్లు

నాంపల్లి అవతల, ఎండిన బత్తాయి తోటల
నాలుగు ఇనుప మొలలు పాతి
మిషన్ ముల్లు సూస్తున్న.
ఈదయ్య చెప్పులిడిసి
అరచేతిల టెంకాయ పండవెట్టుకొని నడుస్తుండు.
నా పాయింటుకు, కాయ లేసి నిలవడ్డ చోటుకు
పదిహేను అడుగులు.

"మైసమ్మ దిక్కు ఎయ్యుండ్రి" అన్నది సైదమ్మ.
అప్పు ఆమెది.
బండి ఆమె చెప్పిన కాడనే ఆగింది.
డీజిల్ లెక్క రాసుకున్న చేత్తోనే
తమిళ డ్రైవరు రాడ్డుకు నిమ్మకాయ కట్టిండు.

నాలుగు వందల ఫీట్లు. తెల్లటి దుబ్బ.
"రాయి మారింది" అన్న నేను.
"ఎవరిదో కన్ను వడ్డది" అన్నడు ఈదయ్య.
ఆమె ఏమనలే.
కొంగుతోని మొఖం తుడుసుకొని
ఇంకో యాభైకి పైసలు లెక్కవెట్టింది.

మాపటికి తడి తగిలింది, వేలెడంత ధార.
సీసల పట్టిన, ల్యాబుకు పంపాలె.
ఇక్కడి నీళ్లు బొక్కలల్ల కూసుంటయి;
ఈదయ్య మోకాళ్లు సూస్తే
రిజల్టు ముందే తెలుస్తది.

అందరు పోయినంక
జీపు ఎనక నిలవడి
మిగిలిన టెంకాయ అరచేతిల పెట్టుకున్న.
కదిలింది.
గాలేమో. చెయ్యి వణికిందేమో.
రిపోర్టు ఫారంల
దానికి గడి లేదు.