ఏసీ బంద్ చేసిన నిమిషం

భీంగల్‌ల పెండ్లి వీడియోలు తీసిన లింబాద్రి
దోహా సనయ్యల టైల్స్ మేస్త్రి.
శుక్రవారం బువ్వ తిన్నంక
ముప్పై ఎనిమిదో వీధి క్యాంపుల
పన్నెండు మంచాల గదిల
సినిమా అంటే ఏందో చెప్తనని కూసున్నడు.

బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి
కంటి ముంగట చౌకం పట్టిండు.
"గిది ఫ్రేము.
ఏం జూపాల్నో తర్వాత,
ఏం జూపొద్దో ముందుగాల తెల్వాలె."

మేం నవ్వినం.
మాకు జెప్తున్నవా అన్నా?
వీడియో కాల్‌ల సంసారం జేసెటోళ్లం.
మీది మంచం కనవడకుండ,
తీగె మీది బనీన్లు కనవడకుండ,
కంపెనీ క్యాలెండర్ ఒక్కటే ఎనుక వచ్చేటట్టు
గోడకు ఎంత దూరం కూసోవాల్నో
కొలతబద్ద లేకుండ చెప్తం.
జెరమొచ్చిన నాడు ఫోను ఎంత ఎత్తుకు వడ్తె
మొఖం నిండుగ అవుపిస్తదో
పోశెట్టికి తెల్సినంత ఎవనికి తెల్సు!

లింబాద్రి నవ్వలే.
"గట్లయితె సగం వచ్చినట్టే మీకు" అన్నడు.

కథ చిన్నది.
ఒకడు చాయ తాగుతుంటడు. ఫోను మోగుతది.
ఎత్తడు.
ఎందుకెత్తడో చెప్పవా అంటె
"చాయ సల్లారుడు జూపిస్త, సాలు" అన్నడు.

ఎండ రాకుండ కిటికీకి అతికిచ్చిన ఎండికాయిదం
మెల్లగ ఊడవెరికి
అట్టకు సుట్టి, పొద్దు వంగే యాళ్లకు
వెలుగును పోశెట్టి దవడ మీదికి మలిపినం.
దినామంత తప్పిచ్చుకునే ఎండను
ఆ ఒక్క గంట బతిమిలాడి లోపటికి పిలిచినం.
స్టోర్ల సిమెంటు బస్తాల ట్రాలీ తెచ్చి
గీరలకు కొబ్బరినూనె రాసి
కెమెరాను, అంటే లింబాద్రి ఫోన్‌ను,
దాని మీద కూసోవెట్టి నూకినం.
నూకేటోని ఊపిరి గూడ ఆగాలె అన్నడు.

వారం వారం తీసుడు.
గిలాసల చాయ ఏడికున్నదో
మార్కర్‌తోని గీత గీసిండు.
అంగీ ఉతకద్దన్నడు, గల్ల గుండి పెట్టద్దన్నడు.
"నిన్నటి మనిషి ఇయ్యాల గూడ గదే మనిషి అనిపియ్యాలె,
దీన్ని కంటిన్యూటీ అంటరు."
గది మాకెట్లయితదే, అన్నడు పోశెట్టి,
సెలవు మీద పోయొచ్చిన ప్రతిసారి
నా బిడ్డ నన్ను కొత్తగ జూస్తది.

మూడో శుక్రవారానికి
పోశెట్టిని దుఖాన్ సైటుకు మార్చిండ్రు.
అంగీ మాత్రం మేకుకు ఉన్నది.
నేను తొడుక్కున్న.
ఎనుకకెళ్లి తీసిండు నన్ను.
ఈపులన్ని ఒక్కతీరే ఈడ.
ఆరేండ్లసంది సూపర్వైజర్‌కు తెల్వని ఫరకు
సూసెటోళ్లకేం తెలుస్తది?

కట్ జేసుడంటే కోసుడు గాదట.
"టైలుకు టైలుకు నడుమ సందు ఇడువాలె.
ఇడువకపోతె ఎండకు ఉబ్బి లేస్తయి.
సూసెటోని మనసు ఆ సందుల నిండుతది,
గ్రౌటు లెక్క."
రాత్రి డ్యూటీ మధ్యల, నీడల కూసోని
వేలితోని ఫోను మీద అతికిచ్చిండు.

మూడు నిమిషాల సినిమా.
మెస్సు గోడ మీద ఏసినం.
వంటాయన కుంజుమోన్ అంతా అయినంక
"ఫోన్ ఎవరు చేసిండ్రు?" అని మళ్ల మళ్ల అడిగిండు.
దుఖాన్‌కెల్లి పోశెట్టి ఫోన్ జేసిండు.
"లాస్టుకు లేచి పోయేది నేనేనారా?"
ఔ, నువ్వే, అన్న.

ఒకటి మర్శిన.
మొదటి శుక్రవారం, అన్నిటికంటె ముందు,
లింబాద్రి ఏసీ బంద్ చేపిచ్చిండు.
ఆగస్టు నెల.
"ఎవ్వడు మాట్లాడకుండ్రి. గది సప్పుడు గావాలె.
ఏం లేని సప్పుడు గూడ
ఒక్కో గదిది ఒక్కో తీరు ఉంటది.
మాటల అడుగున అదే పరుస్తం."

పన్నెండు మందిమి.
చెమట ముక్కు మీదికెల్లి జారుతుంటే
తుడుసుకోలే ఎవ్వలం.
కింద ట్యాంకర్ వెనుకకు వచ్చే కూత,
నల్లా చుక్క,
ఎవని మోకాలో టప్పుమన్నది.

ఆ నిమిషం నా ఫోన్ల ఉన్నది.
నలభై ఒకటో సెకనుకాడ
పోశెట్టి దగ్గు మింగిన సప్పుడు.
తీసేద్దామా, అన్నడు లింబాద్రి.

ఉండనీ, అన్న.