అరసున్న

ఇవాళ కూడా క్రోమార్టీ రేవుని పొగమంచు మింగేసింది.
యూయన్ హోసాక్ ఇంజన్ ఆపి
"ఈ పూటకి లేనట్టే" అన్నాడు.
అంటూనే ఫ్లాస్కు మూత విప్పాడు,
అంటే ఇంకో గంట ఉంటామని.
మంచు పలచబడ్డ చోట
పాత చమురు రిగ్గులు,
పని పోయినా నీళ్ళలోంచి కదలని
ఇనప కొంగలు.

మా పనిలో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు.
రెక్క పైకొచ్చిన రెండు సెకన్లలో ఫొటో.
ఎడమ పక్క ఒకటి, కుదిరితే కుడి పక్క ఒకటి.
టైము, గాలి, అల, పెద్దవెన్ని, పిల్లలెన్ని.
సాయంత్రం హీటరు పక్కన కాళ్ళు ముడుచుకుని
వెనకంచు మీది గాట్లని
ముప్ఫై ఒక్క వేసవుల రెక్కలతో
పోల్చుకుంటూ పోవడం.

నాకవి మొదట్నుంచీ అక్షరాల్లాగే కనబడ్డాయి.
నూట పన్నెండుకి తలకట్టు విరిగింది.
అరవై మూడుకి నకారప్పొల్లు తోక.
తల్లి పక్కనే ఈదే పిల్లలకి ఇంకా ఏమీ ఉండదు,
రాయని పలకలు.
ఈ మాట చెబితే ఇష్‌బెల్ నవ్వింది.
తనకవి తాళంచెవి పళ్ళట.

ఇష్‌బెల్ పేషెన్స్.
ఓపిక ఆమె గుణం కాదు, ఇంటిపేరు.
పక్కన ఆఖ్ ఊళ్ళో హెర్రింగ్ పట్టినవాళ్ళ మనవరాలు.
రిటైరయినా బుధవారాలు
సొంత భూతద్దం సంచీలో వేసుకుని వస్తుంది.
మొదటి నోటుపుస్తకాల్లో ఆమె అంకెలు నిటారుగా నిలబడతాయి.
పోను పోను కుడికి వాలతాయి.
ఆఖరి ఏడాదికి ఒకటి ఏదో ఏడు ఏదో
నేను యూయన్ని అడగాల్సొచ్చింది.
డాల్ఫిన్ల లెక్క అనుకున్నాం గానీ
ఎవరూ అడక్కుండానే
ఆమె వయసూ అందులో చేరిపోయింది.

చనిపోయింది అని రాయం మేం.
కనబడలేదు అని రాస్తాం.
ఒడ్డుకి ఒళ్ళు కొట్టుకొస్తే తప్ప
ఆ మొదటి మాట ముట్టుకోవద్దని
చేరిన రోజే చెప్పింది ఇష్‌బెల్.
పద్దెనిమిదో నంబరు గడిలో అలా
కనబడలేదు, కనబడలేదు,
కనబడలేదు, కనబడలేదు.

పద్దెనిమిదికి రెక్క కొసకి కాస్త కింద
చిన్న అరవంక గాటు.
నేను లోలోపల అరసున్న అని పిలిచేదాన్ని.
మా తాతయ్య దస్తావేజులు రాసేవాడు.
లోకం మానేసిన ఎన్నో ఏళ్ళకి కూడా
వాఁడు, మూఁడు, ఏఁడు అని
ఓపిగ్గా పెట్టుకుంటూ పోయేవాడు.
పలకనిది ఎందుకు రాస్తావని అడిగితే
"ఒకప్పుడు ఇక్కడ నిండుసున్న ఉండేదే.
చోటు గుర్తుండొద్దూ" అన్నాడు.

పదకొండూ నలభైకి
కంటికంటే ముందు చెవికి అందింది,
మంచులో ఒక ఊపిరి.
దాని వెంటే చిన్నది ఇంకోటి.
యూయన్ కప్పు కింద పెట్టలేదు, పారబోశాడు.
కెమెరాకి దొరికింది బూడిదలో బూడిద.
అంచు మీద కొత్తగా పెద్ద కోత,
దాని పైన మిగిలిన వంపు
సగానికి సగమో, అదీ లేదో.

బుధవారం ఇష్‌బెల్ చాలాసేపు చూసింది.
భూతద్దం తీసి తుడిచి మళ్ళీ చూసింది.
"ఉండచ్చు" అంది.
ఆగి, "ఉండచ్చు అనే గడి మనకి లేదు కదా" అంది.
నాణ్యత: మూడో రకం. లెక్కకి పనికిరాదు.

కంప్యూటర్లో ఐదోసారి కనబడలేదు అని కొట్టాను.
కాగితం పుస్తకంలో మాత్రం
పద్దెనిమిది పక్కన, మార్జిన్ లోపల,
పెన్సిల్‌తో ఒక చిన్న వంపు.

అది మరకా అని అడిగింది ఇష్‌బెల్.
కాదన్నాను.
చేతిలో రబ్బరు ఉంది ఆమెకి.
బల్ల మీద పెట్టి
రేపు గాలి ఎటుంటుందని
యూయన్ని కేకేసింది.