రేకు సప్పుడు

లాలాపేటల మా ఇంటిమీద రేకులు.
మే నెల, పొద్దున పదింటికే మొదలైతది:
టక్. కొంచెం ఆగి, టక్.
ఎవ్వలో గోటితోని కొట్టినట్టు.

ఆ ముచ్చట నుస్రత్ మేడమ్‌కు చెప్పిన,
తార్నాక ల్యాబుల ఎలుకల పంజరాలు కడుగుకుంట.
ఆమె గ్లవుజు సగం తీసి ఆగిపోయింది.
"కొమురెల్లన్నా, నా పీహెచ్‌డీ మొత్తం గదే."

సీసాల మందు సుర్మా లెక్క నలుపు,
ఊపితే జరంత పచ్చ జీర.
లోహం కాదంట, బొగ్గుకు సుట్టమంట.
వెంట్రుక మందంల వెయ్యో వంతు నలుసు.
తోకల సూదితోని ఎక్కిస్తే
తిరిగి తిరిగి గడ్డల పోయి కూసుంటది.
అన్నీ కాదు. కొన్ని దారి తప్పి
కార్జంల పడ్తయి;
మేడమ్‌కు నిద్ర లేనిది గండ్లనే.

కంటికి ఆనని వెలుగు తోలితే
నలుసు వేడెక్కి ఇంతంత ఉబ్బుతది,
ఉబ్బి టక్కుమంటది,
మన చెవికి కాదు, మిషన్ చెవికి.
ఆ సప్పుళ్లు ఏరి మిషను బొమ్మ గీస్తది:
ఇగో గడ్డ, ఇగో దాని నెత్తురు దారులు.

ఇంకింత సేపు, ఇంకింత గట్టిగ పెడితే
బొమ్మ సూపిచ్చిన నలుసే నిప్పయితది.
నలభై ఎనిమిది. యాభై. యాభై రెండు.
బయట నలభై మూడుకే
తార్నాక సౌరస్తల మనిషి లేడు.
ఎండకు వీడు వాడు తెల్వదు.
గీ వేడి నలుసున్న కాడనే ఆగుతది.
ఆగాలె.

పదిహేడో నంబరు ఎలుక, ఎడమ చెవికి గంటు.
తొడమీది గడ్డ పెచ్చు కట్టి
ఆరో నాడు ఊకల రాలింది.
నాకే దొరికింది. మేడమ్ ఫోటో తీసుకున్నది,
నేను రెండు గింజలు ఎక్కువేసిన.

ఇరవై ఒకటో నాడు దాన్ని గూడ కోసి సూడాలె.
నయమైందని నమ్మాలంటే గంతే.
నేను పట్టుకున్న.
మేడమ్ కాగితం మీద టైము రాసింది.

రెడ్‌హిల్స్ దవాఖానల
కరెంటు పెట్టిచ్చుకుంటున్న మా వదిన అడుగుతది,
"మీ మందు మనుషులకెప్పుడొస్తది?"
ఎలుకలైనంక కుందేళ్లు, కుందేళ్లయినంక...
లెక్క నాకూ రాదు.
ఆమె మెడకు కమిలిన తోలు, ఇటుక రంగు.
కొబ్బరినూనె రాసుకుంటది.

పొద్దుగూకింది. వాకిట్ల కూసున్నం.
సల్లారేటప్పుడు గూడ
టక్కుమంటది రేకు.