కిలోకి నాలుగు గ్రాములు

కురయ్యాత్ ఒడ్డున, దాణా గదిలో
ఫ్యాను తిరుగుతుంటే
గాలికి కుళ్ళిన కోడిగుడ్డు వాసన.
మిథియోనిన్ సంచి విప్పానన్నమాట.
మొదటి వారం వాంతులు చేసుకున్నాను.
ఇప్పుడు చొక్కాకి ఆ వాసన లేకపోతే
ఎవరి చొక్కా వేసుకున్నానా అని చూసుకుంటాను.

చిన్న చేపను పెద్ద చేప మింగుతుందన్న సామెత
ఇక్కడ పోయినేడాదే రద్దయింది.
కవళ్ళ పొడి ధర పెరిగిందట.
ఇక మీదట కోఫర్ చేపకి
ఓడలో వచ్చిన సోయా పిండి, గోధుమ జిగురు,
కుళ్ళిన కూరల మీద పెంచిన ఈగ పురుగుల పొడి.
వేటాడి బతకాల్సిన నోటికి
రాత్రికి రాత్రి దీక్ష ఇప్పించారు.

అవి అలిగాయి.
గుళిక నోట్లోకి తీసుకుని
నా వైపే చూసి ఉమ్మేసేవి.
తిన్నవి పెరగలేదు. కోసి చూస్తే
కాలేయం ఆకుపచ్చగా, పాచి పట్టిన మెట్టులా.
కొన్నిటి కళ్ళ మీద పల్చటి మీగడ.

జువైనా మేడం ల్యాబ్ నుంచి దిగి వచ్చి
నా క్యారేజీ మూత మీదే
ఇన్ని మెతుకులూ నాలుగు పప్పుబద్దలూ పరిచి చెప్పింది:
అన్నంలో చాలనిది పప్పులో ఉంది
పప్పులో చాలనిది అన్నంలో ఉంది
మీవాళ్ళు రెండూ కలిపి తిన్నారు, పుస్తకం చూడకుండానే.
మనం చేపకి ఒట్టి పప్పు వేస్తున్నాం.
చాలనిదేదో మనమే కొలిచి కలపాలి.

ఆమెకేం తెలుసు
మా కైకలూరులో పప్పన్నమంటే పెళ్ళని!
ముప్పై తొమ్మిదేళ్ళ నన్ను
ఫోనెత్తిన ప్రతివాళ్ళూ అడిగేది అదే,
పప్పన్నం ఎప్పుడు పెడతావురా?
నవ్వొచ్చింది.
నాకు పాఠం అర్థమైందనుకుంది ఆమె.

అర్థమైంది కూడా.
ఇరవై రకాల పూసలతో దండ గుచ్చుతుంటే
ఒక్క రకం నిండుకుందనుకో,
మిగతావి గుప్పెళ్ళకొద్దీ ఉన్నా
దారం అక్కడే ఆగుతుంది.
గుచ్చని పూసలన్నీ ఉచ్చై నీళ్ళలో కలుస్తాయి.

కొల్లేటి చెరువుల మీద ఉన్నప్పుడు
తవుడూ వేరుశనగ చెక్కా చిల్లుల సంచిలో కట్టి
వెదురు గడకి వేలాడదీసేవాణ్ణి.
బొచ్చెలు వచ్చి డొక్కల్లో పొడిచేవి సంచిని.
అక్కడ కొలతంటే నా చేతి వాటం.
ఇక్కడ కిలోకి నాలుగు గ్రాములు:
రెండు మిథియోనిన్, ఒకటి లైసిన్, ఒకటి టారిన్.
తాంబూలంలో సున్నమంత.
తక్కువైతే నోరు పండదు,
ఎక్కువైతే పొక్కుతుంది.

ఇక అసలు మాట.
రంజాన్ పదకొండో సాయంత్రం
సిరాజుల్ ఉపవాసం విప్పడానికి వెళ్ళాడు.
మిక్సర్ దగ్గర నేనొక్కణ్ణే.
ఫోన్లో అక్క, ఆ సంబంధమూ తప్పిపోయిందని.
తొమ్మిదో పంజరం మేతలో
చిన్న సంచులు వేశానో లేదో గుర్తు లేదు.

కాదు, గుర్తుంది. వెయ్యలేదు.
తెల్లారి గోడవారగా అవి కూర్చునే ఉన్నాయి.
మేత పడవలోకి ఎక్కుతోంది,
ఐదు వారాల తిండి.
ఆపండి అనడానికి నోరు తెరిచాను,
జీతం కోత గుర్తొచ్చి ఆవలించాను.
సంచుల్ని పదో పంజరం లెక్కలో సర్దేశాను.

తూకం రోజున తొమ్మిదో పంజరం చేప
పక్కదాని కంటే ముప్పై గ్రాములు తక్కువ తూగింది.
నీటి వేడి అన్నారు. అలల రాపిడి అన్నారు.
జువైనా మేడం ఒకదాన్ని తడి గుడ్డలో పట్టుకుని
చాలాసేపు దాని కంట్లోకి చూసింది.
తర్వాత నా కంట్లోకి.
ఏమీ అనలేదు.

అప్పట్నుంచి తొమ్మిదో దానికి మేత నేనే తీసుకెళ్తున్నాను.
చల్లగానే నీళ్ళు ఎసరులా మరుగుతాయి.
చేపలు నన్ను గుర్తుపడతాయనే అంటాడు సిరాజుల్.
ఆ మాట అన్నప్పుడల్లా పడవ అంచు గట్టిగా పట్టుకుంటాను.

నిన్న అక్క మళ్ళీ చేసింది.
మిక్సర్ ఆపి, సంచులు లెక్కపెట్టి,
అప్పుడు ఎత్తాను.